కర్రముగ్గులో వంకర

జూన్ 16, సోమవారం

పాత పుస్తకం వానకి తడిసి ముద్దయిపోయింది. మళ్ళీ మొదటి పేజీ. ఏదైనా మంచి మాటతో మొదలుపెడదామనుకున్నాను గానీ ఈ రోజు నా మొహానికి అది రాసిపెట్టి లేదు.

పొద్దున్నే అభిజిత్ నా బల్ల మీద ఒక అట్టపెట్టె పెట్టాడు. అందులో పన్నెండు రోజెట్లున్నాయి. పన్నెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి, మెషీను కోసినవి. గిటారు నోటి చుట్టూ పొదిగే ఒక్క చెక్క వలయం కోసం నేను పన్నెండు రోజులు నడుం వంచి కూర్చుంటాను. ఆ పిల్లాడు పన్నెండింటిని ఒక్క పెట్టెలో తెచ్చి నా ముందు పడేశాడు. పిల్లాడని రాస్తున్నాను గానీ నలభై దాటాయి వాడికి. వాళ్ళ నాన్న ఉన్న రోజుల్లో ఈ భవానీపూర్ గిటార్ల దుకాణంలో చేరినదాన్ని, ఇరవై ఆరేళ్ళయింది, నా కళ్ళకి వాడింకా పిల్లాడే.

కాసేపాగి తనే టీ తెచ్చిచ్చాడు. షిల్లాంగ్ నుంచి ఒక వాయిద్యకారుడు గిటారు చేయించుకుంటున్నాడట, ఆయన నా పని ఎక్కడో చూసి అదే కావాలన్నాడట, ఆగస్టు నెలాఖరుకి ఇవ్వాలట. "ఇది మాత్రం నీదే, ప్రేమ్‌దీ. తర్వాతి సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. దీ అంటే వాళ్ళ బెంగాలీలో అక్క, నన్ను పిలిచేది అలాగే. తర్వాతి సంగతేమిటో తెలియనంత వెర్రిదాన్ని కాను. ఇది కుదిరితే నా బల్ల ఉంటుంది, కుదరకపోతే ఆ పెట్టె ఉంటుంది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. నా రోజెట్లని అమ్మ కర్రముగ్గులంటుంది. "ఇరవయ్యారేళ్ళు కర్రముగ్గులేసినావు. ఇంకేటి మిగిల్నాదే నీకు?" అంది. ఎనభై ఒక్కేళ్ళ మనిషితో పోట్లాడి ఏం లాభం? అమ్మకి చదువు రాదు, అభిజిత్‌కి తెలుగు రాదు, కాబట్టి ఈ పుస్తకం ఎక్కడ పడేసినా ఫరవాలేదు.

జూన్ 19, గురువారం

గళ్ళ కాగితం మీద బొమ్మ గీశాను. మధ్యలో తామర మొగ్గ, దానికి రెండు పక్కలా నిలువుగా తెల్లగీత. మొత్తం పదమూడు వరసలు. ఒక్కో గడి ఒక్కో పుల్ల. నలుపు, తెలుపు, ఇటుక ఎరుపు, ముదురు ఆకుపచ్చ. ఆ తెల్లగీతలే ప్రాణం. మొగ్గ కాస్త బొద్దుగా వచ్చినా ఎవడూ పట్టించుకోడు, గీత వంకరపోతే మాత్రం మూడు గజాల దూరం నుంచే తెలిసిపోతుంది.

టికియాపారాలో రైలు పెట్టెలకి వడ్రంగం చేసిన నాన్న ఈ పని చూస్తే నవ్వేవాడేమో. ఆయన చేసిన బెంచీల మీద ఏనుగులు కూర్చున్నా విరిగేవి కావు. నావి ఊపిరి తగిలితే ఎగిరిపోతాయి.

జూన్ 22

రంగు చెక్క రేకుల్ని ఒకదాని మీద ఒకటి సరేసుతో అతికించి, సన్నగా పుల్లలు కోశాను. రేపటి నుంచి పేర్చడం. నూట డెబ్భై దాకా పుల్లలు వస్తాయి. చెయ్యి బాగుంది, వణుకు లేదు. పెట్టె వైపు చూడలేదు.

జూన్ 27, శుక్రవారం. రథయాత్ర

పుల్లలన్నీ కలిపి కట్టిన దిమ్మ ఈ రోజు ఆరింది. అడ్డంగా మొదటి బిళ్ళ కోశాను. ప్రతి బిళ్ళలోనూ అదే మొగ్గ పడుతుంది, అరవై బిళ్ళలు గుండ్రంగా పేరిస్తే వలయం. గడియారాల వాళ్ళ భూతద్దం కుడికంట్లో ఇరికించుకుని చూశాను. మొగ్గ బాగుంది. ఎడమ పక్క తెల్లగీత మధ్యలో వంగి ఉంది.

రెండో బిళ్ళలోనూ అంతే. మూడో దాంట్లోనూ అంతే.

చెమ్మ. వారం నుంచి ఒకటే వాన. ఈ ఊళ్ళో ఆషాఢంలో చెక్క పని పెట్టుకోవడమే బుద్ధి తక్కువ. వీధిలో రథం లాగుతున్న పిల్లల కేకలు వింటూ అరవై బిళ్ళలూ కోశాను, ఎక్కడో ఒక చోట తిన్నగా వస్తుందన్న ఆశతో. రాలేదు.

జూన్ 28

అయినా వలయం పేర్చి చూశాను. గుండ్రంగా తిరిగితే వంకర కలిసిపోతుందేమో అనుకున్నాను. కలిసిపోలేదు. పట్టకారుతో విరిచి, దిమ్మతో సహా సందు చివర టీ కొట్టువాడి బొగ్గుల పొయ్యిలో వేసి వచ్చాను. వాడు మంచి కర్ర దీదీ అన్నాడు.

జూలై 2

రెండోది మొదలు. ఈసారి రేకుల్ని మూడు రోజులు బల్బు కింద ఆరబెట్టాను.

జూలై 11, శుక్రవారం

రెండోదీ వంకరే. అదే చోట. మధ్యలోనే.

ఇక చెమ్మ మీద తోయలేను. సరేసు పాడై ఉంటుంది. కొత్త డబ్బా తెచ్చిన రోజునే నాకు వాసన తేడాగా అనిపించింది. అభిజిత్ ఈ మధ్య అన్నీ చౌకవే తెస్తున్నాడు, అనడానికి నోరు రాదు.

అన్నం పెడుతూ ఈ మాట అంటే అమ్మ ఒక్కటే అంది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుందే నీ యవ్వారం." వెంటనే ఇంకోటి అంది, "పులుసు కంచంలో పొయ్యి, నేల మీద కాదు. కళ్ళెక్కడెట్టుకున్నావే?" నిజమే, కంచం అంచు మీద పోశాను. మనసు ఇక్కడ లేదు.

జూలై 12

తెల్ల జిగురుకి మారాను.

జూలై 19, శనివారం

ఎస్ప్లనేడ్‌లో మెట్రో మారుతుంటే చూశాను, ప్లాట్‌ఫారం అంచున పసుపు గీత కూడా వంకరగానే వేశారు. నడుస్తున్న కొద్దీ వంకర నాతో పాటే జరుగుతోంది. ఈ ఊళ్ళో ఒక్కడికీ ఒక గీత తిన్నగా వేయడం రాదు, మళ్ళీ కొత్త లైను, కొత్త స్టేషన్లు అని గొప్పలు.

నిద్ర చాలక కళ్ళు అలిసిపోయినట్టున్నాయి. రోజ్‌వాటరు వేసుకోవాలి.

జూలై 23, బుధవారం

మూడోది. రాయడానికి కూడా విసుగ్గా ఉంది. వంకర.

చెక్క మార్చాను, జిగురు మార్చాను, పుల్లలు రెండు సార్లు కొలిచాను. ఇక మిగిలింది భూతద్దం. పద్నాలుగేళ్ళ నాటిది, అద్దం ఎక్కడో అరిగిపోయి ఉంటుంది. సగం రోజు సెలవు పెట్టి రాధాబజారు వెళ్ళి కొత్తది కొన్నాను. వలయం మాత్రం వదల్లేదు, పొయ్యిలో పడేశాను. టీ కొట్టువాడు ఇప్పుడు నన్ను చూడగానే చెయ్యి చాపుతున్నాడు.

జూలై 24

కొత్త భూతద్దంలోనూ గీతలు వంకరే. ఇదీ దొంగసరుకే. రాధాబజారులో నమ్మకస్తుడొక్కడు లేడు.

జూలై 25

ఎందుకో ఈ రోజు చాలా భయమేసింది. కారణం ఏమీ లేదు. పని మొదలుపెడితే పోతుంది.

ఆగస్టు 5, మంగళవారం

నాలుగోది. పేర్చడం అయిపోయింది, చూశాను, పట్టకారు తీశాను. రెండు మొగ్గలు విరిచేసరికి అభిజిత్ వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"కీ హొలో, దీదీ? ఏమైంది, ఎందుకు విరుస్తున్నావు?"

వంకర పోయిందన్నాను. ఎక్కడ అన్నాడు. చూపించాను. వాడు వలయాన్ని దీపం కిందకి తీసుకెళ్ళి, స్టీలు స్కేలు అంచుని తెల్లగీత మీద ఆనించి చూశాడు. ఇంకో గీత మీద పెట్టాడు, ఇంకో దాని మీద పెట్టాడు. అలా ఎనిమిది చోట్ల చూసి నవ్వాడు.

"ప్రేమ్‌దీ, ఇది తిన్నగానే ఉంది."

నాతో వేళాకోళమా అన్నాను. వాడి మొహంలో వేళాకోళం లేదు. ఇంత తిన్నని గీత వాళ్ళ నాన్న చేతిలో కూడా చూడలేదన్నాడు. నీకు నచ్చేట్టు చేయడం దేవుడి వల్ల కూడా కాదు దీదీ అని, దీన్ని నాకిచ్చెయ్ అన్నాడు. రెండు మొగ్గలు విరిగాయి కదా, ఇవ్వనన్నాను. వాడు చూస్తుండగానే మిగతావీ విరిచేశాను. ఎందుకలా చేశానో తెలియదు. తెలుసు. ఆ వలయం ఇంకాసేపు బల్ల మీద ఉంటే ఇంకో సారి చూడాల్సొస్తుంది.

ఆగస్టు 6

భూతద్దం ఎడమ కంట్లో పెట్టుకుని చూశాను.

ఆగస్టు 7, గురువారం

నిన్న ఒక్క ముక్క మించి రాయలేకపోయాను. ఇప్పుడూ చెయ్యి రావడం లేదు గానీ రాయకపోతే అబద్ధమవుతుంది.

విరిగిన ముక్కల్లో ఒకటి పమిట చెంగులో కట్టుకుని వచ్చాను. ఎడమ కంట్లో గీత తిన్నగా ఉంది. కుడి కంట్లో వంగి ఉంది. మళ్ళీ ఎడమ, తిన్నగా. మళ్ళీ కుడి, వంగి. పదిసార్లు చూశాను. కిటికీ ఊచలు చూశాను. తలుపు గడప చూశాను. ఎడమ కన్ను మూసి అమ్మ మొహం చూశాను. ముక్కు దగ్గర నీళ్ళలో చూసినట్టు కదిలింది. ఏటే అలా సూస్తున్నావు అంది. ఏమీ లేదన్నాను.

చెక్కకి చెమ్మ లేదు. సరేసు పాడవలేదు. భూతద్దం దొంగది కాదు. నాలుగు వలయాలు, నాలుగూ తిన్నగానే ఉన్నాయి, నాలుగింటినీ నా చేత్తో నేనే విరిచి పారేశాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వెళ్తాను. ముందు ఐదోది పూర్తి కానీ. కన్ను సంగతి ఇప్పుడు చెబితే అభిజిత్ ఆ పెట్టె తెరుస్తాడు. ఎడమ కన్నుంది కదా, ఒక్క వారం. ఇన్ని రోజులు ఆగింది ఇంకో వారం ఆగదా?

ఆగస్టు 8

ఎడమ కంటితో పని. మెడ పట్టేసింది.

ఆగస్టు 10

పుల్లలు పేరుస్తుంటే ఆకుపచ్చదీ నల్లదీ మారిపోయాయి, రెండు వరసలు విప్పాను. ఫరవాలేదు. అలవాటవుతుంది.

ఆగస్టు 12

ఎవరికీ తెలియలేదు.

ఆగస్టు 14, గురువారం

ఐదోది అయిపోయింది. తిన్నగా ఉందని రాయను. స్కేలు పెట్టి చూసుకున్నాను, స్కేలు ఉందంది.

అభిజిత్‌కి ఇచ్చాను. వాడు వలయాన్ని చూడలేదు, నన్నే చూస్తూ నిలబడ్డాడు. ఎప్పుడూ కుడికంట్లో పెట్టుకునేదానివి, వారం నుంచి అద్దం ఎడమకంట్లో ఉంది, ఎందుకు అని అడిగాడు. కళ్ళకలక అన్నాను. కళ్ళకలక వస్తే కన్ను ఎర్రగా ఉంటుందన్నాడు. నేను గట్టిగా కసురుకున్నాను, నా కన్ను నా ఇష్టం, నువ్వెవరివి అడగడానికి అన్నాను. వాళ్ళ నాన్న ఎదుట కూడా ఎప్పుడూ అలా అరవలేదు. వాడు నా ఎడమ కంటి మీద తన అరచెయ్యి అడ్డం పెట్టి, స్కేలు నా ముందు నిలబెట్టి, ఎలా ఉంది అన్నాడు.

ఏడ్చేశాను. దుకాణంలో అందరి ముందూ.

ఆగస్టు 18, సోమవారం

కళ్ళాసుపత్రి. రేపు, ఎల్లుండి అని తప్పించుకుంటానని అభిజిత్ పొద్దున్నే టికియాపారా దాకా వచ్చి ఇంటి ముందు నిలబడ్డాడు. గుడికి వెళ్తున్నామని అమ్మకి అబద్ధం చెప్పాను.

చుక్కలు వేశారు, ఫోటోలు తీశారు, మళ్ళీ చుక్కలు వేశారు. డాక్టరమ్మ చిన్న వయసుది, నెమ్మదిగా మాట్లాడింది. గీతలు వంకరగా కనబడటం ఎప్పుడు మొదలైందని అడిగింది.

"ఒక వారం అయింది" అన్నాను.

నా పక్కనే అభిజిత్ ఉన్నాడు. వాడి ముందు రెండు నెలలని ఎలా చెప్పను? నాలుగు వలయాలని ఎలా చెప్పను? డాక్టరమ్మ ఫోటో వైపు చూసి, వారం కాదమ్మా అంది, అంతే, తిట్టలేదు. కంటి వెనక పొరలో రక్తనాళం చిట్లి, అక్కడ మచ్చ కట్టిందట. మొదలైన వారం పది రోజుల్లో వస్తే సూదిమందుతో ఆపేవాళ్ళమంది. ఇప్పుడు కూడా వేస్తారట, ఇంకా పాకకుండా ఉండటానికి. పోయిన చూపు మాత్రం రాదట. కుడి కన్ను మధ్యలో ఇక ఎప్పటికీ అంతే.

ఎడమ కంటికీ రావచ్చంది. ఒక కాగితం ఇచ్చింది, నిండా గళ్ళు, నడిమధ్య నల్లచుక్క. అచ్చం నేను మొగ్గ గీసుకునే కాగితంలా ఉంది. రోజూ పొద్దున కుడి కన్ను మూసి ఎడమ కంటితో ఆ చుక్కని చూడాలి. ఏ గీత కాస్త వంగినా ఆ రోజే రావాలి. "ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఎడమ కన్ను మనం కాపాడుకోవచ్చు" అంది. మనం అంది ఆ పిల్ల.

ఆగస్టు 19

జూన్ 27 అని రాసి ఉంది ఈ పుస్తకంలో. రథయాత్ర అని కూడా రాసి ఉంది. ఏడున్నర వారాలు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. నేను చేతులు కాలుతుంటే పొయ్యినీ, కట్టెనీ, వాననీ తిట్టుకుంటూ కూర్చున్నాను. ఒక్క పూట, ఒక్క పూట అనుమానించి ఉంటే చాలు. అందరినీ అనుమానించాను, సరేసుని, రాధాబజారుని, మెట్రో వాళ్ళని, అభిజిత్‌ని. నన్ను తప్ప. ఇరవై ఆరేళ్ళ పనితనం మీద అంత పొగరు నాకు. ఛీ.

ఆగస్టు 21

సూదిమందు. కంట్లోకే. రాయను.

ఆగస్టు 24

అమ్మకి చెప్పలేదు. కంటికి కట్టు చూసి అడిగితే కురుపు అన్నాను.

ఆగస్టు 28, గురువారం

షిల్లాంగ్ ఆయన వచ్చి గిటారు తీసుకెళ్ళాడు. రోజెట్ మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. దీని కోసమే ఇంత దూరం వచ్చానమ్మా అన్నాడు. నాకేమీ అనిపించలేదు. ఆ ఐదోది మంచిదో కాదో నాకు తెలియదు. మంచివని ఇప్పుడు తెలిసిన నాలుగూ లేవు.

ఆయన వెళ్ళాక అభిజిత్ అట్టపెట్టెకి తాడు కట్టి అటక మీద పెట్టాడు. బల్ల నీదే, ఎడమ కన్నుందిగా దీదీ అన్నాడు. వాడు మంచివాడు. ఆ మాట మాత్రం నా గుండెలో దిగబడింది. బల్ల ఉందన్న సంతోషం ఒక్క నిమిషం కూడా రాలేదు. ఇకమీదట నా బతుకంతా ఒక్క కంటి మీద నిలబడి ఉంది, ఆ కంటిని రోజూ పొద్దున్నే కాగితం ముందు కూర్చోబెట్టి నేరం చేసినదాన్ని అడిగినట్టు అడగాలి.

ఆగస్టు 29

ఎడమ. తిన్నగా.

ఆగస్టు 30

ఎడమ. తిన్నగా.

ఆగస్టు 31

ఎడమ. తిన్నగా. కొత్త బొమ్మ గీయడం మొదలుపెట్టాను, గడులు పెద్దవి చేసి.

సెప్టెంబరు 1, సోమవారం

ఎడమ. తిన్నగా.

సెప్టెంబరు 2

ఎడమ. తిన్నగా.

సెప్టెంబరు 3, బుధవారం

ఎడమ. కింద నుంచి నాలుగో గీత దగ్గర కాగితం మడత పడింది. సంచీలో పెట్టుకుని బస్సుల్లో తిరిగితే పడదా మరి. ఇస్త్రీపెట్టె వేడి చేసి మీద రుద్దాను. రేపు చూస్తాను.

సెప్టెంబరు 4, గురువారం. పొద్దున ఏడు గంటలు

నాలుగో గీత అలాగే ఉంది. అయిదో గీత కూడా కాస్త.

ఆసుపత్రిలో నాసిరకం కాగితం ఇచ్చారు అని రాయబోయాను. "ఆసుపత్రిలో" దాకా రాసి కొట్టేశాను, పైన కనబడుతూనే ఉంది.

కాగితాన్ని బల్ల మీద పరిచి, రెండు కళ్ళూ మూసుకుని, చూపుడువేలితో కింద నుంచి పైదాకా తడిమాను. నున్నగా ఉంది. అడ్డంగా తడిమాను. ఎక్కడా మడత లేదు. ఎప్పుడూ లేదు.

అమ్మని లేపి చెప్పాను. కుడి కన్ను పోయిందమ్మా, ఎడమది మొదలైంది, కురుపు కాదు, గుడికి వెళ్ళలేదు అని అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. "ముందు నడువ్. ఏడుపు తరవాత" అని, మంచం కింద చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కుంటోంది. తను కూడా వస్తుందట. అభిజిత్‌కి ఫోను చేశాను, హౌరా మైదాన్ దగ్గర ఉంటానన్నాడు.

ఆ డాక్టరమ్మ మళ్ళీ అడుగుతుంది, ఎప్పటి నుంచి అని. నిన్నటి నుంచి అని చెప్తాను.

కాదు. సోమవారం నుంచి. సోమవారమే వంగింది, చూశాను, చూసి తిన్నగా అని రాశాను. మంగళవారం కూడా. మూడు రోజులు. మూడు రోజులని చెప్పాలి.